చేతుల్ని మింగిన తెర

కొత్త లాప్‌టాప్ పెట్టె విప్పిన రోజు, పురిటి బిడ్డను చూడ్డానికి వచ్చినట్టు ఆఫీసంతా దాని చుట్టూ చేరింది. ఎత్తి చూసినవాళ్ళు, నిమిరి చూసినవాళ్ళు, మూత తెరిచి మొహం చూసుకున్నవాళ్ళు. మేనేజరు దాన్ని అరచేతి మీద పళ్ళెంలా నిలబెట్టి గదంతా తిప్పాడు. పోయినేడు వచ్చిన మోడలే, పేరూ అదే. లోపలి సరుకంతా మార్చి కొత్తగా వదిలారని తెచ్చిన సేల్స్ మనిషి చెప్పాడు. తెర చూస్తే బల్ల మీద కిటికీ తెరిచినట్టుంది. బరువు మాత్రం బడిపిల్లల లెక్కల పుస్తకమంత. ఇక కెమెరా అయితే, మనిషి ఎటు జరిగితే అటు చూస్తూ మొహాన్ని సరిగ్గా మధ్యలో పట్టుకుంటుందట. వెనకాల ఉన్న గోడనీ బీరువానీ మసక చేసేస్తుందట.

"ఇందులో మీరు దేవకన్యలా కనిపిస్తారు మేడం" అన్నాడు సేల్స్ మనిషి, ఎదురుగా ఎవరున్నారో కూడా సరిగ్గా చూడకుండా.

ఎదురుగా ఉన్నది దుబాసీ. "దేవకన్యలు ఇన్ని మెట్లెక్కి ఉద్యోగానికి రారు బాబూ" అంది ఆమె. అందరూ నవ్వారు, సేల్స్ మనిషి కూడా నవ్వాడు.

ఆమె అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుండదు. చేసే పనే పేరైపోయింది. వినపడని మనుషులు ఆసుపత్రికో బ్యాంకుకో కోర్టుకో వెళ్ళినప్పుడు, అక్కడ పెట్టిన చిన్న తెర మీద ఈ ఆఫీసు నుంచి ఒక మనిషి కనిపిస్తుంది. డాక్టరు నోటితో చెప్పింది విని చేతులతో చెప్తుంది. పేషెంటు చేతులతో చెప్పింది చూసి నోటితో చెప్తుంది. దుబాసీ ఈ పని చదువుకుని నేర్చుకోలేదు. అమ్మా నాన్నా ఇద్దరికీ వినపడదు కాబట్టి మాటలు రాకముందే ఆమెకు చేతులు వచ్చాయి. వినపడని వాళ్ళ లోకంలో ఆమె పేరు గడ్డం మీద వేలితో ఒక చిన్న తాకు. అక్కడ పుట్టుమచ్చ ఉంది. ఆ పేరు పెట్టింది అమ్మ.

ఆసుపత్రితో ఒప్పందంలో ఒక షరతు ఉంది. పనిముట్లు ఏవి మార్చినా, వాటితో పని చేసే సీనియరు దుబాసీ వాడి చూసి సరేనని చెప్పాలి. అందుకని మేనేజరు, నమూనాగా వచ్చిన రెండింట్లో ఒకటి ఆమె చేతికిచ్చి, వారం వాడి బాగుందని ఒక్క ముక్క రాసివ్వమన్నాడు. బాగుందో లేదో రాయమనలేదు. బాగుందని రాయమన్నాడు. తేడా అప్పుడు ఆమె పట్టించుకోలేదు.

రెండోది ఎక్స్‌ప్రెస్‌కి ఇచ్చారు. ఎక్స్‌ప్రెస్ అంటే పక్క బల్ల అమ్మాయి. రోజుకి అందరికంటే ఎక్కువ కాల్స్ ముగిస్తుందని ఆ పేరొచ్చింది. ఎవరెన్ని ముగించారో చూపించే అంకెలు గోడ మీద వెలుగుతుంటాయి, పక్కన పేర్లతో సహా. అట్టడుగున ఎప్పుడూ దుబాసీ పేరే ఉంటుంది. కారణం ఆమె మొండి అలవాటు. డాక్టరు చెప్పింది చేతులతో చెప్పేశాక, "మీకేం అర్థమైందో ఇప్పుడు నాకు చెప్పండి" అని పేషెంటు చేత తిరిగి చెప్పిస్తుంది. చెప్పించేదాకా కాల్ వదలదు. మేనేజరు నాలుగుసార్లు పిలిచి మందలించాడు. నలుగురిలో ఒకసారి, ఇది ఆఫీసా, ట్యూషన్ సెంటరా అని ఎగతాళి చేశాడు. ఆమె వింది, అలవాటు మాత్రం మానలేదు.

ఆ మొండితనం ఎక్కడిదో చెప్పాలి. ఆమె చిన్నప్పుడు, రెండో కాన్పు అయ్యాక, అమ్మకి ఆసుపత్రిలో ఒకాయన ఏదో చెప్పాడు. అమ్మ తల ఊపింది. వినపడని వాళ్ళు ఊపే ఊపు అది. అర్థమై ఊపేది కాదు. ఎదుటివాడి మొహంలో చిరాకు చూసి, ఇక ఇతన్ని విసిగించకూడదని ఊపేది. బడి నుంచి దుబాసీ వచ్చేసరికి ఆపరేషన్ అయిపోయింది. ఇక పిల్లలు పుట్టరన్న సంగతి అమ్మకి ఏళ్ళ తర్వాతగానీ తెలియలేదు. కడుపునొప్పికి కోశారనుకుంది. అడిగారు, ఒప్పుకుంది అని వాళ్ళ దగ్గర రాసుంది. ఏ నోటితో అడిగారు, ఏ చెవితో ఒప్పుకుంది? ఇప్పటికీ ఆ మాట వస్తే అమ్మ చేతులు ఆగిపోతాయి, దుబాసీ గొంతు లేస్తుంది.

సరే, లాప్‌టాప్ సంగతి. మొదటి రెండు మూడు రోజులు ఆమెకు దాని మీద ప్రేమే పుట్టింది, అబద్ధమెందుకు. పాతవి ఇటుకల్లా ఉంటాయి. ఫ్యాను గోల పెడుతుంది. కోర్టు పనులకు మోసుకు తిరిగి ఆమె కుడి భుజం పని చెయ్యడం మానేసింది. దుబాసీకి భుజం పోవడమంటే పాట పాడేవాడికి గొంతు పోవడమే. కొత్తది సంచీలో ఉన్నట్టే తెలియలేదు. అంత పెద్ద తెర మీద పేషెంటు వేళ్ళు గోళ్ళతో సహా కనపడ్డాయి. ఇన్నేళ్ళుగా చిన్న తెరల్లోకి కళ్ళు చికిలించి చూసిన మనిషికి అదెంత హాయో చెప్పనక్కర్లేదు.

ఇంటికి తెచ్చింది. టైర్ల కొట్టు మీద రెండు గదుల ఇల్లు వాళ్ళది. బయట బెల్లు నొక్కితే లోపల మోత ఉండదు, అమ్మ కోసం గది గదికీ ఒక బల్బు వెలుగుతుంది. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్. లాప్‌టాప్‌ని తిరగేసి, బోర్లించి, పక్కల్లోకి తొంగి చూసి, దీనికి నట్లెక్కడున్నాయని అడిగాడు. అంతా అతికించేశారని కూతురు చెప్పింది. "విప్పలేనిదాన్ని నేను బండి అనను" అని తీర్పు చెప్పి వెళ్ళిపోయాడు. కాలేజీలో చేరిన కూతురికి మాత్రం అది స్వర్గం. మంచం మీద బోర్లా పడుకుని సినిమా పెట్టుకుంది, ఆ రంగులేంటమ్మా అని మురిసిపోయింది, ఇక తిరిగివ్వద్దని బతిమాలింది. అమ్మమ్మ దూరం నుంచి చూసి, వెలుతురు ఎక్కువైంది, కళ్ళు పోతాయని చేతులతో చెప్పి తన పనిలో పడింది.

దుబాసీ ఆ పూటే మనసులో బాగుందని రాసేసుకుంది. కాగితం మీద పెట్టడమే తరువాయి.

నాలుగో రోజో అయిదో రోజో ఆసుపత్రి నుంచి ఒక కాల్ వచ్చింది. పేషెంటు దర్జీ. గుండె ఆపరేషన్ అయిన మనిషి, మళ్ళీ చిన్న ఆపరేషన్ ఏదో ఉంది. డాక్టరు చెప్పింది ఇంతే. రక్తం పల్చబడే మాత్ర ఆపెయ్యాలి, బీపీ మాత్ర వేసుకుంటూనే ఉండాలి. దుబాసీ చెప్పింది. దర్జీ తల ఊపింది. అలవాటు ప్రకారం తిరిగి చెప్పమంటే, రెండూ ఆపెయ్యాలి అని చెప్పింది.

దుబాసీ మళ్ళీ చెప్పింది. ఈసారి నెమ్మదిగా. దర్జీ మళ్ళీ తల ఊపి, రెండూ వేసుకోవాలి అంది.

అటు డాక్టరు వాచీ చూసుకుంటున్నాడు. ఈవిడకి బుర్ర తక్కువలా ఉంది, కూడా వచ్చినవాళ్ళెవరూ లేరా అన్నాడు. గదిలో ఏ మాట పడితే ఆ మాట చెప్పడం దుబాసీల రివాజు. దగ్గినా చెప్పాలి, గొణిగినా చెప్పాలి. దుబాసీ అది కూడా దర్జీకి చేతులతో చెప్పేసింది. దర్జీ మొహం ఎర్రబడింది. అప్పుడు ఆవిడ చెప్పిన మాట ఇది.

"బుర్ర నాకు కాదు తక్కువ, నీకు చేతులు తక్కువ. మణికట్టు దగ్గర తెగిపోతున్నాయి. నీ మొహం మాత్రం పెద్దగా, సినిమా పోస్టర్‌లా ఉంది. మొహంతో ఏం చెప్తావ్ నాకు?"

దుబాసీ కాల్ పెట్టేసి, బీరువాలో పడేసిన పాత ఇటుకను తీసి, దాని మీంచి మళ్ళీ చేసింది. దర్జీ ఒక్కసారికే సరిగ్గా తిరిగి చెప్పింది. ఒకటి ఆపాలి, ఒకటి వేసుకోవాలి.

ఇందులో కిటుకేమీ లేదు. కొత్త కెమెరా మొహం కోసం తయారైంది. మొహాన్ని పట్టుకుని దగ్గరికి లాక్కుంటుంది, చేతులు చట్రం బయటికి పోతాయి. లోపల మిగిలిన చేతులైనా వేగంగా కదిలితే వాటిని కూడా వెనకాల గోడే అనుకుని మసక చేసేస్తుంది. వేళ్ళు కరిగిపోతాయి. మరి ఇన్ని రోజులు దుబాసీకి ఎందుకు తెలియలేదంటే, పని చేసేటప్పుడు తెర మీద తమ బొమ్మ తమకు కనపడకుండా మూసేసుకోవడం వాళ్ళందరి అలవాటు. సొంత చేతులు ఎదురుగా కదులుతుంటే చెయ్యి తడబడుతుంది. అంతకుముందు పేషెంట్లు తప్పు తిరిగి చెప్పినా, మళ్ళీ నెమ్మదిగా చెప్తే సర్దుకునేది. అలా మూసుకునే అందరూ పరీక్ష చేశారు. బరువు చూశారు, తెర చూశారు, బ్యాటరీ చూశారు. స్పీకర్ల మోత కూడా చూశారు, వినపడని వాళ్ళ కోసం కొనే లాప్‌టాప్‌కి. అందరూ ఇటువైపే కూర్చుని చూశారు. అటువైపు కూర్చుని ఎలా కనిపిస్తోందని ఒక్కరూ చూడలేదు, ఆమెతో సహా.

సాయంత్రం ఇంట్లో అమ్మని వంటింట్లో ఫోన్ పట్టుకుని నిలబెట్టి, తను గదిలో కొత్త లాప్‌టాప్ ముందు కూర్చుని, ఊరికే ఆ రోజు జరిగిన కబుర్లు చెప్పింది. అమ్మ కాసేపు ఓపిక పట్టింది. తర్వాత ఫోన్ పక్కన పడేసి గదిలోకి వచ్చి, "నీ మొహం నలభై ఏళ్ళుగా చూస్తున్నా, నాకెందుకది? చేతులు చూపించు" అని కసిరింది.

మర్నాడు మేనేజరు గదిలో దుబాసీ ఉన్నదున్నట్టు చెప్పింది. అతను సేల్స్ మనిషికి ఫోన్ చేశాడు. ఆపే వీలుంది సార్ అన్నాడు సేల్స్ మనిషి. ఆపితే ఆగుతుంది. ఇంకో కాల్ రాగానే దానంతటదే మళ్ళీ లేస్తుంది. మసక సంగతంటారా, అది కెమెరా లోపలే ఉంది, ఆపడం కుదరదు, కొత్త మోడల్ ప్రత్యేకతే అది. అయితే విడిగా ఇంకో కెమెరా తగిలించుకుంటామని దుబాసీ అంది. ఇంత సన్నటి లాప్‌టాప్ కొని దాని నెత్తిన బుడ్డీ పెడతారా అని మేనేజరు నవ్వాడు. ఆసుపత్రి వాళ్ళకి ఈ మోడలే చూపించి ఒప్పించాడట. ఆర్డరు మీద సంతకం పెట్టడమే మిగిలిందట. మిగతా దుబాసీలు కూడా భుజాలు పట్టుకుని కూర్చున్నారు, వాళ్ళ పొట్ట కొడతావా అని అడిగాడు. ఆ భుజాల మాట నిజమే. బయటికొచ్చేసరికి అందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. అవతలి బల్లాయన, నీకు పెద్ద పేరు కావాలి, మాకు తేలిక బరువు కావాలి అక్కా అని మొహం మీదే అన్నాడు.

ఆమెకి కోపం వచ్చింది ఆ మాటకి కాదు. నడుస్తూ నడుస్తూ మధ్యలో ఒకటి తట్టి, నిలబడిపోయింది. వారంగా ఎక్స్‌ప్రెస్ కూడా ఈ లాప్‌టాప్ మీదే పని చేస్తోంది. ఎక్స్‌ప్రెస్ తిరిగి చెప్పించదు. ఆ వారంలో ఎంతమంది తల ఊపి వెళ్ళిపోయారు? ఏం అర్థమైందని వెళ్ళిపోయారు?

ఎక్స్‌ప్రెస్‌కి ఆ సంగతి చెప్తే ఆ పిల్ల మొహంలో రంగు పోయింది. వెంటనే అందరికీ మళ్ళీ ఫోన్ చేద్దాం అక్కా అంది. మేనేజరు ససేమిరా అన్నాడు. మళ్ళీ చేస్తే తప్పు జరిగిందని మనమే ఒప్పుకున్నట్టు, ఆసుపత్రికి తెలుస్తుంది, ఒప్పందం పోతుంది, అందరం రోడ్డున పడతాం అన్నాడు. ఇద్దరి ముందూ చెయ్యి అడ్డం పెట్టి, ఒక్కళ్ళకి కూడా ఆఫీసు నుంచి కాల్ పోకూడదు అన్నాడు.

ఆఫీసు నుంచి పోలేదు. దుబాసీ ఇంటి వంటింట్లోంచి పోయింది. ఊళ్ళో వినపడని వాళ్ళంతా ఒకరికొకరు ఎరుకే. ఎక్స్‌ప్రెస్ తనకి గుర్తున్న మనుషుల పోలికలు చెప్తుంటే, ఆ బట్టతలాయనా, ఆ కవలల తల్లా అని అమ్మ ఇట్టే పోల్చేసి ఫోన్ కలిపేది. ఎక్స్‌ప్రెస్ పొయ్యి పక్కన గోడకి ఆనుకుని నిలబడి గోళ్ళు కొరుక్కుంది. ఒకావిడ కట్టు తడపకూడదన్నది తడపమన్నట్టు అర్థం చేసుకుంది గానీ, బద్ధకించి తడపలేదు. ఇంకొకాయన సరిగ్గానే ఉన్నాడు. తర్వాత ప్రెస్సు పెద్దాయన.

ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరి పేర్చి జీవితమంతా బతికిన మనిషి. వినపడని వాళ్ళకి ఆ మోతలో పని సుఖమని అప్పట్లో వాళ్ళనే పెట్టుకునేవారు. ఇప్పుడు వేళ్ళ కీళ్ళు వాచిపోయి, గుప్పెట ముడుచుకోదు. చేతుల నొప్పి ఆయనకి మాట నొప్పి. దానికే ఆసుపత్రికి వెళ్తే ఒక మాత్ర రాశారు. వారానికి ఒక్కటంటే ఒక్కటే వేసుకోవాలి, మించితే ప్రమాదం. డాక్టరు అది రెండుసార్లు చెప్పాడట. ఎక్స్‌ప్రెస్ రెండుసార్లూ చేతులతో చెప్పింది. ఆయన తల ఊపాడు. చీటీ చదువుకోలేడా అంటారేమో. అక్షరాలు పేర్చి బతికినవాడు ఏమైనా చదవగలడు. మందుల చీటీ మీద ఉన్నవి అక్షరాలైతే కదా.

ఫోన్‌లో ఆయన మొహం కనపడగానే అమ్మ చెయ్యి నోటి దగ్గరికి పోయింది. ఆయన పెదాలు పగిలి, నోరంతా పుళ్ళు. తిండి పోవడం లేదని చెప్పాడు. మాత్ర ఎలా వేసుకుంటున్నావని దుబాసీ అడిగితే, అమాయకంగా, రోజూ పొద్దున్నే మర్చిపోకుండా అన్నాడు. మర్చిపోకుండా అన్నప్పుడు మంచి పేషెంటునని కాస్త గర్వం కూడా కనపడింది.

దుబాసీ భర్త డిపో నుంచి అప్పుడే వచ్చాడు. గ్రీజు చేతులు కూడా కడుక్కోకుండా వెళ్ళి పెద్దాయన్ని ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దుబాసీ అక్కడ పక్కనే నిలబడి డాక్టరు అడిగిన ప్రతిదీ చేతులతో చెప్పింది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే రక్తం తయారవ్వడమే ఆగిపోయేదన్నాడు డాక్టరు. విరుగుడిచ్చారు, మంచం మీద ఉంచారు. మనిషి బతికాడు.

బతికాడు కాబట్టి ఆఫీసులో ఎవరికీ ఏమీ పట్టలేదు. మేనేజరు ఎక్స్‌ప్రెస్‌ని పిలిచి, ముసలాయన మతిమరుపుకి నువ్వేం చేస్తావమ్మా అని ఓదార్చాడు. ఆ ఓదార్పు ఎందుకో రెండో మాటలోనే తెలిసింది. దుబాసీ రాసిచ్చేలా లేదు, వాడినవాళ్ళలో నువ్వూ ఉన్నావు, బాగుందని నువ్వు రాసిస్తే నిన్నే సీనియరుని చేసేస్తానన్నాడు. ఎక్స్‌ప్రెస్‌కి ఇంట్లో నోళ్ళు ఎక్కువ, సంపాదన ఒక్కటే. రెండు రోజులు దుబాసీకి ఎదురుపడకుండా తిరిగింది. దుబాసీ ఏమీ అడగలేదు. అడిగితే తిట్లు వస్తాయని భయం, తిట్టాల్సింది ఆ పిల్లని కాదని తెలుసు. అంకెలు వెలిగించి, ఉరికించి, తిరిగి అడగనివ్వకుండా చేసి, చివరికి తప్పు జరిగితే పేషెంటు మతిమరుపు మీదికి నెట్టేవాళ్ళని కదా తిట్టాలి. కూర్చుంటే ఒళ్ళు మండుతోంది, నిలబడితే ఒళ్ళు మండుతోంది. ఇంట్లో గిన్నెలు మోగుతుంటే, అమ్మకి వినపడవు గానీ నాకు వినపడుతున్నాయని భర్త అన్నాడు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ప్రెస్సు పెద్దాయన్ని చూడ్డానికి దుబాసీ వెళ్ళింది. ఎవరు తప్పు చేశారని ఆయన అడిగాడు. నీ మతిమరుపు కాదు, నీ కళ్ళూ కాదు అని ఆమె మొత్తం చెప్పింది. కెమెరా, మసక, ఆర్డరు, సంతకం అన్నీ. ఆయన తన ముడుచుకోని వేళ్ళ వంక చూసుకున్నాడు. తర్వాత చొక్కా మార్చుకుని, పద అన్నాడు.

సంతకం పెట్టే రోజది. మేనేజరు బల్ల మీద మూత తెరిచి పెట్టిన కొత్త లాప్‌టాప్, ఆర్డరు కాగితం ఉన్నాయి, ఎదురుగా కుర్చీలో ఎక్స్‌ప్రెస్ కూర్చుని ఉంది, ఆమె ముందు ఒక తెల్ల కాగితం, కలం. ఇంకా ఏమీ రాయలేదు. దుబాసీ వెనకాలే ప్రెస్సు పెద్దాయన లోపలికి వచ్చాడు. ఆయన్ని చూడగానే ఎక్స్‌ప్రెస్ లేచి తన కుర్చీ ఇచ్చేసి గోడ పక్కకి జరిగింది.

మేనేజరు ఆయన వంక చూడలేదు. దుబాసీ వంక తిరిగి, ఈయనకేం కావాలో అడగండి అన్నాడు. ఆయన్నే అడగండి సార్, నేను చెప్తాను అంది దుబాసీ. పొద్దస్తమానం డాక్టర్లకీ జడ్జీలకీ ఈ ఆఫీసు నేర్పే మొదటి పాఠం అదే. మనిషితో మాట్లాడండి, దుబాసీతో కాదు. దాన్ని తన గదిలో మేనేజరుకి చెప్పాల్సి వచ్చింది.

మేనేజరు గొంతు తగ్గించాడు. "ఇతన్నెందుకు తీసుకొచ్చారు? నష్టపరిహారం ఏమైనా అడుగుతాడేమో, కాస్త ఏదో చెప్పి పంపించెయ్యండి. ఇప్పుడు నేనన్నది ఆయనకి చెప్పకండి."

దుబాసీ చేతులు లేచాయి. ఇతన్నెందుకు తీసుకొచ్చారు, నష్టపరిహారం అడుగుతాడేమో, ఏదో చెప్పి పంపించెయ్యండి, నేనన్నది ఆయనకి చెప్పకండి. ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. చివరి మాట చెప్పేటప్పుడు మేనేజరు వేలు ఎలా ఊపాడో అలాగే ఊపింది. అతనికి సైగల భాష సరిగ్గా రాదు, కానీ ఆ వేలు మాత్రం అర్థమైంది.

"చెప్పద్దన్నానుగా!"

దుబాసీ అదీ చెప్పింది.

పెద్దాయన నవ్వలేదు. వాచిన వేళ్ళతో, ఒక్కో మాటకి ఆగుతూ, ఒక ప్రశ్న వేశాడు. దుబాసీ దాన్ని నోటితో పలికేటప్పుడు గొంతు పెంచలేదు. ఆయన మాట ఆయనదిగా రావాలి, తన కోపం అందులో కలవకూడదు. ఆ పనిలో ఆమెకి అన్నిటికంటే కష్టమైన క్షణం అదే.

"నేను చచ్చిపోయి ఉంటే, ఈ యంత్రం బాగుందని రాసేవారా, బాగాలేదని రాసేవారా?"

మేనేజరు ఆర్డరు కాగితం సర్దుకున్నాడు. పెద్దాయన అతని పెదాలనే చూస్తున్నాడు, కదిలితే పట్టుకుందామని. జవాబు వస్తే చెప్పడానికి దుబాసీ చేతులు ఛాతీ ముందు ఆగి ఉన్నాయి. గది బయట ఫోన్లు మోగుతున్నాయి. మేనేజరు చివరికి ఎక్స్‌ప్రెస్ వైపు తిరిగి, నువ్వు చెప్పమ్మా, నువ్వు కదా వాడింది అన్నాడు.

ఎక్స్‌ప్రెస్ గోడ దగ్గర్నుంచి వచ్చి పెద్దాయన ఎదురుగా నిలబడింది. నోటితో కాదు, చేతులతోనే చెప్పింది. నేనే ఆ రోజు నీకు చెప్పింది. వారానికొకటని చెప్పాను, నా వేళ్ళు నీకు చేరలేదు, చేరాయో లేదో నేను అడగలేదు, టైము చూసుకున్నాను. ఆ పిల్ల ఏడుస్తోంది, కానీ చేతులు వణకలేదు. ఇప్పుడు దుబాసీ దాన్ని మేనేజరు కోసం నోటితో చెప్తోంది.

పెద్దాయన ఆ పిల్ల చేతులు ఆగేదాకా చూశాడు. క్షమించాననీ అనలేదు, తిట్టనూ లేదు. కూర్చో, నువ్వు తర్వాత, అన్నట్టు చెయ్యి చూపించి మళ్ళీ మేనేజరు వైపు తిరిగాడు. ప్రశ్న అక్కడే ఉంది.

"ఏం చెప్పమంటారు నన్ను?" అన్నాడు మేనేజరు, విసుగ్గా, దుబాసీతో.

ఏం చెప్పమంటారు నన్ను, అని దుబాసీ పెద్దాయనకి చెప్పింది.

"కొనను అని చెప్పు" అన్నాడు పెద్దాయన. "ఇప్పుడే చెప్పు. నాకు కనపడేలా చెప్పు."

తెల్ల కాగితం మీద ఎక్స్‌ప్రెస్ బాగాలేదని పెద్ద అక్షరాలతో రాసి, కింద తన పేరు పెట్టి, కలం దుబాసీకి అందించింది. దుబాసీ కూడా పెట్టింది. వాడిన ఇద్దరూ కాదన్నాక ఆసుపత్రికి చూపించడానికి ఇక మూడో మనిషి లేడు. మేనేజరు ఆ కాగితాన్ని చూశాడు, బయట అద్దంలోంచి తొంగి చూస్తున్న మిగతావాళ్ళని చూశాడు. న్యాయం తోచి ఫోన్ అందుకున్నాడని నేను రాయను. దారి లేక అందుకున్నాడు. సేల్స్ మనిషికి ఫోన్ కలిపాడు. దుబాసీ స్పీకరు పెట్టమంది, పెద్దాయనకి రెండు వైపులా మాట చెప్పాలి కదా అని.

ఆర్డరు ఆపేస్తున్నాం, రెండూ తీసుకెళ్ళండి అన్నాడు మేనేజరు. దుబాసీ చేతులు కదిలాయి. ఏమైంది సార్, తెర నచ్చలేదా, బరువు నచ్చలేదా అని అటు నుంచి గొంతు. అదీ చెప్పింది. చేతులు కనపడ్డం లేదట అన్నాడు మేనేజరు. అట అన్న ఆ చివరి ముక్కని కూడా ఆమె వదల్లేదు, మొహం మీద సరిగ్గా అంత ఎగతాళి పెట్టి చెప్పింది. పెద్దాయన కళ్ళు చిన్నవయ్యాయి.

అటు సేల్స్ మనిషి చాలా ఉత్సాహంగా అన్నాడు. "పోనీ సార్, వచ్చే ఏడాది దీనికి ఇంకో కొత్తది వస్తోంది. ఇంతకంటే సన్నం."

దుబాసీ చూపుడువేలూ బొటనవేలూ దగ్గరికి చేర్చి, ఇంకా దగ్గరికి చేర్చి, మధ్యలో సందు లేకుండా చేసి చూపించింది.

పెద్దాయన ఆ వేళ్ళ వంక చూసి, లేచి, బల్ల మీదున్న ఆ సన్నటి లాప్‌టాప్ మూతని తన వాచిన చేత్తో మూసేశాడు.